పథ్యం వారం

భయాన్ని మనుషులకి కొలిచి పోస్తారనుకుంటే, ఈ డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి పోసేవాడి చెయ్యి జారిందని ఒప్పుకోవాలి. డిపోలో అతన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలిసి ఉంటుంది, మిగతావాళ్లకి దాంతో పని పడలేదు. ఖాళీ రోడ్డు మీద కూడా నిండు గర్భిణిని ఎక్కించుకున్నట్టు నడుపుతాడు బస్సుని. వెనకాల హారన్లు మోగితే, "మోగనీ, నొప్పెట్టేది వాళ్ల వేలేగా" అంటాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క కుక్కపిల్లకి కూడా దెబ్బ తగలనివ్వలేదు. రోడ్డంటే అతనికి భయం లేదు గానీ, సూది చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి.

సూదితో పని ఏడాదికోసారి తప్పదు. డ్రైవర్లందరికీ వైద్య పరీక్ష జరుగుతుంది. కళ్లు చూస్తారు, బీపీ చూస్తారు, పరగడుపున రక్తం తీసి షుగర్ చూస్తారు. తేడా వస్తే స్టీరింగు పోయినట్టే. గేటు పక్కన కుర్చీ వేసి, వచ్చే బస్సునీ పోయే బస్సునీ చూస్తూ కూర్చోమంటారు. రోడ్డుకి అలవాటుపడ్డవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

అందుకని ఆ డిపోలో ఒక ఆచారం పుట్టింది. దాని పేరు పథ్యం వారం. పరీక్షకి ముందు వారం రోజులు ఒక్క డ్రైవరూ తీపి ముట్టడు. రాత్రి భోజనం సగానికి సగం. తెల్లారేసరికి అందరూ బస్సుల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ నడుస్తుంటారు, పొట్టలు ముందూ మనుషులు వెనకానూ. క్యాంటీన్‌వాడు బన్నుల బుట్ట ముందు పెట్టుకుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటాడు. పరీక్ష అయిపోయిన పూటే వాడి దగ్గర ఈగ వాలడానికి చోటుండదు. కరువు ప్రాంతం నుంచి వచ్చినట్టు బన్నులూ, కూల్‌డ్రింకులూ, నూనెలో వేగినవన్నీ ఖాళీ చేసేస్తారు. పాసయ్యాం కాబట్టి రోగం లేదు, రోగం లేదు కాబట్టి తినొచ్చు. ఇదీ వాళ్ల లెక్క.

ఈ ఆచారం కనిపెట్టిన మహానుభావుడు నిదానానికి స్వయానా బావ, అక్క మొగుడు. ఇతను పిలవగా పిలవగా డిపో మొత్తానికీ బావే అయిపోయాడు. బండి నేర్పింది ఆయనే, ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. గట్టిగా నవ్వే మనిషి. నవ్వితే రెండు బస్సుల అవతలికి వినపడుతుంది.

"వాళ్లు చూసేది ఒక్క పూట రక్తంరా బామ్మర్దీ" అనేవాడు. "ఆ పూటకి మనం బుద్ధిమంతులుగా కనపడితే చాలు. మిగతా ఏడాదంతా ఒళ్లు మనది, నోరు మనది."

అందరూ తలలు ఊపేవాళ్లు. నిదానం మిగతావాళ్లకన్నా గట్టిగా ఊపేవాడు, భయస్తుడు కదా.

ఆ ఏడు పరీక్ష అయిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం నిదానం ట్రిప్పు ముగించుకుని బస్సు లోపల పెట్టి దిగాడు. సిమెంటు నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. ఎవరో రంగు తొక్కారనుకున్నాడు. ఆ మరకలు పక్క బస్సు మెట్టు దగ్గర మొదలై, కుళాయి దాకా వెళ్లి, అక్కణ్ణుంచి క్యాంటీన్ బల్ల దాకా పోయాయి. బల్ల మీద బావ కూర్చుని టీ తాగుతున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. పైనున్న కుడికాలి చెప్పు అడుగున ఒక స్క్రూ తల కనపడుతోంది. చెప్పు అంచునుంచి రక్తం చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"బావా! నీ కాలు!"

"ఏమైందిరా, అట్లా అరుస్తావు?" అని బావ కిందికి చూసుకున్నాడు. "ఓ, ఇదా" అన్నాడు. ఎడమ చేత్తో టీ గ్లాసు అలాగే పట్టుకుని, కుడి చేత్తో స్క్రూ పట్టి లాగాడు. చిటికెన వేలంత పొడుగు ఉంది. అది బయటికి వస్తుంటే నిదానానికి తన అరికాల్లో జివ్వుమంది. బావ మొహంలో మాత్రం కాస్త కూడా మార్పు లేదు. గ్లాసులో టీ తొణకలేదు.

"నొప్పి లేదూ?"

"మొద్దు చర్మంరా మనది. రోజంతా తొక్కీ తొక్కీ బండబారిపోయింది." నవ్వాడు. నవ్వు మధ్యలో ఆపి, గొంతు తగ్గించాడు. "మీ అక్కకి చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా."

నిదానం చెప్పనన్నాడు. కుళాయి దగ్గర నీళ్లు పట్టి, ఆ మరకలన్నీ తనే కడిగాడు. కడుగుతుంటే ఒక ఆలోచన పాములా బుర్రలోకి దూరింది. కుడికాలు. బ్రేకు తొక్కేది కుడికాలితోనే. స్క్రూ దిగినా తెలియని కాలికి, బ్రేకు తగిలితే తెలుస్తుందా? బావ నడిపేది కాలేజీ రూటు. నిదానం కూతురు రోజూ పొద్దున్నే ఎక్కేది ఆ బస్సే. మామయ్య బస్సని, ముందు సీటు తనదేనని ఆ పిల్లకి మహా గర్వం. అంతే, అతని ఒళ్లంతా చెమట పట్టింది.

ఆ భయం అక్కడితో ఆగితే ఎలాగో సర్దుకునేవాడు. ఇంటికి వెళ్లేసరికి అది తిరిగి తిరిగి అతని కాళ్ల మీదికే వచ్చింది. షుగర్ ముదిరితే కాళ్లు మొద్దుబారతాయని డిపోలో విన్న మాటే. బావ తిన్న క్యాంటీన్ తిండే తనూ తిన్నాడు. బావ కూర్చున్నట్టే తనూ పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. బావ చేసిన పథ్యం వారాలే తనూ చేశాడు. మరి తన కాళ్ల సంగతేమిటి? బండబారాయో లేదో ఎవరు చూశారు?

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె సూదుల డబ్బాలో ఒక సూది కనపడకుండా పోయింది. రోజూ స్నానానికని వెళ్లిన మనిషి ఎంతకీ బయటికి రావడం లేదు. ఒకరోజు ఆమె తలుపు తోసి చూస్తే, మొగుడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కాలి బొటనవేలికి సూది గుచ్చుకుంటున్నాడు. గుచ్చుకుని "అబ్బా" అంటున్నాడు, అని సంతోషపడుతున్నాడు. సూదంటే హడలిపోయే మనిషి!

"ఏమండీ! మతిగాని పోయిందా?"

"తెలుస్తోందో లేదో చూసుకుంటున్నానే."

"ఏం తెలియాలి?"

చెప్పక తప్పలేదు. బావ సంగతి దాచి, తన భయం మటుకు చెప్పాడు. సూదంటే ఒణికే మనిషి సూది పట్టుకున్నాడంటే లోపల ఎంత ఉడికిపోతున్నాడో ఆమెకి అర్థమైంది. కోప్పడలేదు. సూది లాక్కుని డబ్బాలో పెట్టి, "పదండి, నర్సమ్మ దగ్గరికి" అంది.

"పరీక్షకి ఇంకా బోలెడు నెలలున్నాయిగా."

"అందుకే ఇప్పుడు పదమంటున్నాను. మీ దొంగ వారం రాకముందే వెళ్లాలి."

నర్సమ్మ ఆ పేటలోనే ఉండే చిన్న క్లినిక్‌లో పనిచేస్తుంది. పెద్దావిడ, మాట కాస్త కటువు. డ్రైవర్ల పథ్యం వారం సంగతి ఆవిడకి ఎప్పుడో తెలుసు. రక్తం తీస్తూ, "ఇది మీ డిపో పరీక్షలాంటిది కాదు బాబూ. మూడు నెలలుగా మీరు ఎలా ఉన్నారో చెబుతుంది. నిన్న రాత్రి మానేస్తే దీనికి లెక్కలేదు" అంది. నిదానం గోడకేసి తల తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చెయ్యి భార్య చేతిలో ఉంది. ఆమె వేళ్లు కందిపోయేలా పిసికేశాడు.

మర్నాడు ఫలితం వచ్చేదాకా అతనికి ముద్ద దిగలేదు. బస్సు నడుపుతూ స్టాపులు లెక్కపెట్టుకున్నాడు, ఇంకెన్నాళ్లు ఈ స్టాపులు చూస్తానో అని. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు కుంటుతూనో, కర్ర పట్టుకునో ఎక్కినట్టే కనిపించారు. ఇన్నేళ్లూ వీళ్లంతా ఏ బస్సు ఎక్కారో మరి.

"షుగర్ ఇంకా రాలేదు" అంది నర్సమ్మ. అతను ఊపిరి వదిలేలోగా, "వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది" అని కూడా అంది.

"లోపలికి వస్తుందా అమ్మా?"

"ఇట్లాగే ఉంటే వస్తుంది. మీరు మారితే చాలామందికి వెనక్కి తగ్గుతుంది, లేదా చాలా ఏళ్లు ఆగుతుంది. రాదని రాసివ్వమంటే నేనివ్వలేను."

నిదానం చేతులు జోడించాడు. "రేపణ్ణుంచే అన్నీ మానేస్తానమ్మా. తీపి మానేస్తాను, టీ మానేస్తాను, రాత్రి భోజనం మానేస్తాను, పొద్దున్నే పరిగెడతాను..."

"ఆగండాగండి" అంది నర్సమ్మ. ఆవిడకి నిజంగానే ఒళ్లు మండింది. "వారం మనుషులు మీరు! అన్నీ ఒకేసారి మానేస్తారు, ఎనిమిదో రోజు అన్నీ ఒకేసారి తింటారు. నాకు అట్లా వద్దు. ముందు ఒక్కటి చెప్పండి. చచ్చేదాకా చెయ్యగలిగింది ఏదో అది చెప్పండి."

నిదానం చాలాసేపు ఆలోచించాడు. ఇంత కష్టమైన ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. చివరికి, "ట్రిప్పు ట్రిప్పుకీ టీ తాగుతాను. అందులో చక్కెర వేసుకోను" అన్నాడు.

"బాగుంది. అది అలవాటయ్యాక రండి, రెండోది చూద్దాం."

రెండోది నడక. డ్యూటీ దిగాక డిపో వాళ్ల వ్యాన్ ఎక్కకుండా ఇంటికి నడిచి రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి భార్య కూడా మిషను కట్టేసి ఎదురువచ్చేది, ఇద్దరూ కలిసి ఇంటిదాకా నడిచేవాళ్లు. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు అన్ని కబుర్లు చెప్పుకోలేదు. మూడోది కంచంలో అన్నం తగ్గించి కూరలు పెంచడం. మధ్యలో ఒకరోజు ఆకలికి ఆగలేక క్యాంటీన్‌లో నాలుగు బన్నులు మింగేశాడు. తిన్నాక, దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నర్సమ్మ దగ్గరికి వెళ్లి, అంతా పాడైపోయిందని చెప్పాడు. "నిన్న తిన్నారు, నిన్నటితో సరి. ఇవాళ ఎందుకు మానుతారు నడక?" అంది ఆవిడ. ఆ మాట అతనికి ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేం.

డిపోలో మాత్రం పెద్ద వేడుక అయిపోయాడు. పథ్యం వారం కాని వారంలో పథ్యం చేసేవాణ్ణి వాళ్లు చూడలేదు.

"ఏరా నిదానం, వచ్చే ఏడాది పరీక్షకి ఇప్పట్నుంచే చదువుతున్నావా?" అన్నాడొకడు.

"ఫస్టు ర్యాంకు వాడిదేరా" అన్నాడింకొకడు.

అందరికన్నా గట్టిగా నవ్వింది బావే. నవ్వు అదే నవ్వు. కానీ చెప్పులు పోయి కాళ్లకి బూట్లు వచ్చాయి. "బావ ఆఫీసరైపోయాడు" అని డిపో అంతా ఆటపట్టించింది. బూట్లు ఎందుకొచ్చాయో నిదానానికి తెలుసు. ఆ స్క్రూ గాయం ఇంకా మానలేదు. సాయంత్రాలు బస్సు వెనక్కి పోయి, బూటు విప్పి గుడ్డ మారుస్తుంటే ఒకసారి చూశాడు. దగ్గరికి వెళ్తే వాసన కూడా తగిలింది.

"బావా, నర్సమ్మ దగ్గరికి ఒక్కసారి పోదాం. నాతో రా, చాలు."

"నాకెందుకురా? మొన్నేగా పాసయ్యాను."

"అది ఆ వారం రక్తం బావా."

"నువ్వు కూడా నాకు చెప్పేవాడివయ్యావా?" అన్నాడు బావ. ఈసారి నవ్వలేదు.

నిదానం డిపో అధికారి దగ్గరికి వెళ్లి చెబితే ఒక్క నిమిషం పని. కానీ బండి నేర్పిన చేతుల్లోంచి స్టీరింగు లాక్కోవాలి. అక్క మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే ఆ బస్సులో కూతురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకరోజు ధైర్యం చేసి కూతురితో, "రేపట్నుంచి వేరే బస్సులో వెళ్లమ్మా" అన్నాడు. "ఎందుకు నాన్నా?" అంది. తన పిల్లని దింపేసుకుని, ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఎక్కనివ్వడమా? అది తలుచుకునేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల మామయ్య బస్సులోనే వెళ్లింది. అతను పొద్దున్నే తన బస్సులో కూర్చుని, కాలేజీ రూటు బస్సు మలుపు తిరిగేదాకా అద్దంలో చూస్తూ ఉండేవాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం కూతురు అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పింది.

"ఇవాళ మామయ్య భలే భయపెట్టాడు నాన్నా. ముందు బస్సుకి జానెడు దూరంలో ఆగాం. అందరం ముందుకి తూలిపోయాం."

నిదానం చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "ఎందుకట?"

"ఏమో. ఈమధ్య నడుపుతూ నడుపుతూ కిందికి చూస్తున్నాడు, ఏదో పడేసుకున్నట్టు. నీకేం పోయింది మామయ్యా అంటే, ఏం లేదమ్మా అన్నాడు."

ఆ పిల్లకి తెలియలేదు. నిదానానికి తెలిసింది. కాలు ఎక్కడుందో కాలు చెప్పడం లేదు, కళ్లతో చూసుకోవాల్సి వస్తోంది. కిందికి చూస్తున్నంతసేపూ రోడ్డు ఎవరూ చూడటం లేదు. ఆ రాత్రి అతను కన్ను మూయలేదు. తెల్లవారకముందే లేచి, కాఫీ కూడా తాగకుండా డిపోకి నడిచాడు.

బావ అప్పుడే వచ్చాడు. బస్సులు ఇంకా బయల్దేరలేదు. షెడ్డులో ఒక మూల రిపేరుకి పెట్టిన బస్సు ఉంది. దాని బ్రేకుల్లో గాలి మొత్తం దిగిపోయింది.

"బావా, ఒక్కసారి ఈ బండి ఎక్కు."

"ఎందుకురా పొద్దున్నే?"

"పందెం. కళ్లు మూసుకుని నేను చెప్పిన పెడలు తొక్కాలి. గెలిస్తే నీ కాలి ఊసు జన్మలో ఎత్తను. అందరి ముందూ చక్కెర టీ తాగుతాను."

బావకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకే పరీక్ష పెడతావా? నీకు క్లచ్చేదో బ్రేకేదో చెప్పింది ఎవర్రా?" అంటూనే ఎక్కి సీట్లో కూర్చున్నాడు. పౌరుషమున్నవాడు పందెం వదలడు. అది తెలిసే నిదానం పందెమన్నాడు.

నిదానం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల పెడళ్ల దగ్గరికి వంచాడు. బూటు నుంచి ఆ వాసన వచ్చింది.

"కళ్లు మూసుకో. ఆక్సిలరేటర్."

కాలు సరిగ్గానే పడింది.

"బ్రేకు."

సరిగ్గానే పడింది. ఏళ్ల అలవాటు. నిదానానికి ఒక్క క్షణం ఆశ కలిగింది. తనే ఓడిపోతే ఎంత బాగుండు అనుకున్నాడు, చక్కెర టీ ఎంతసేపు తాగాలి కనక!

"కాలు తీసి నేల మీద పెట్టు బావా. ఇప్పుడు ఎదురుగా పిల్ల అడ్డం వచ్చింది. బ్రేకు!"

బూటు గబుక్కున లేచింది. అంచు బ్రేకుకి రాసుకుని, పక్కకి జారి, ఆక్సిలరేటర్ మీద పడింది. బావ తొడ బిగిసింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. పెడలు నేలకి ఆనింది.

"నొక్కావా బావా?"

"ఆఁ, పూర్తిగా నొక్కాను. ఆగింది పో, నీ పిల్ల." కళ్లు మూసుకునే నవ్వాడు.

మామూలు రోజుల్లో బ్రేకు తొక్కితే గాలి బుస్సుమంటుంది. బావ ఇన్నాళ్లూ ఆ చప్పుడు పట్టుకుని, మిగతాది కళ్లతో చూసుకుని, నెట్టుకొచ్చాడన్నమాట. ఈ బండిలో గాలి లేదు, చప్పుడు లేదు. బావ నవ్వుతూనే ఉన్నాడు, కాలు ఇంకా గట్టిగా తొక్కుతూనే ఉన్నాడు.

"కళ్లు తెరువు బావా" అన్నాడు నిదానం చివరికి. ఏడుస్తున్నాడు. "తెరిచి చూడు."

బావ చూశాడు. చాలాసేపు చూశాడు, ఆ కాలు ఎవరిదో అన్నట్టు. నవ్వు మొహం మీదినుంచి ఎప్పుడు పోయిందో తెలియలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని, ఆ కాలిని ఎత్తి పక్కన పెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"స్పర్శ ముందు వేళ్లకి పోయింది. నాలుగేళ్లేమో. తర్వాత అరికాలికి. షుగరని నాకు తెలుసురా. మా నాన్నకి ఇచ్చిన మాత్రలు ఉండేవి. తర్వాత నేనే కొనుక్కున్నాను. ఆ వారం మాత్రం వేసుకునేవాణ్ణి" అన్నాడు.

"ఆ వారమేనా?"

"పాసవడానికి ఆ వారం చాలు కదరా." అని అతనే తల వంచుకున్నాడు. "ఒక్క ఏడు కూడా తప్పలేదు నేను. ఒక్క ఏడు కూడా."

బయట మొదటి బస్సు హారన్ కొట్టింది. కాలేజీ రూటుకి వేళయింది. బావ జేబులోంచి తన బస్సు తాళం తీసి నిదానం చేతిలో పెట్టాడు. చెయ్యి చల్లగా ఉంది.

"ఇవాళ నువ్వు తీసుకెళ్లు. అధికారికి నేనే చెబుతాను. నువ్వు చెప్పావన్న మాట నీకు వద్దు." దిగబోతూ మళ్లీ ఆగాడు. "ఆ రూట్లో పెద్దాసుపత్రి స్టాపుంది కదా. నన్నక్కడ దింపు."

అధికారి గదిలో బావ ఎంతోసేపు లేడు. వచ్చి, ఎన్నడూ లేనిది ప్రయాణికుడిలా వెనక మెట్టు ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు టికెట్టు కావాలా అని వేళాకోళమాడబోయి, మొహం చూసి ఊరుకున్నాడు. రెండు స్టాపుల తర్వాత నిదానం కూతురు ఎక్కింది. డ్రైవరు సీట్లో నాన్నని, వెనక సీట్లో మామయ్యని చూసి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏంటి మామయ్యా, ఇక్కడ కూర్చున్నావు?"

"కాలు చూపించుకుందామని తల్లీ" అన్నాడు బావ. "మీ నాన్న బాగా నడుపుతాడు. నేనే నేర్పాను."

పిల్ల నవ్వి, అతని పక్కన కూర్చుంది. నిదానం బస్సు కదిలించాడు. కాలి కింద బ్రేకు గట్టిగా, స్పష్టంగా తగులుతోంది. ప్రతి స్టాపులోనూ తగులుతోంది. ఆ తగలడం ఎన్నాళ్లుంటుందో, గుమ్మంలో నిలబడ్డది ఏ పూట లోపల కాలు పెడుతుందో అనే భయం అతన్ని ఇప్పటికీ వదల్లేదు. వదలదు కూడా. ఆ భయంతోనే ఇవాళా డిపోకి నడిచి వచ్చాడు. సాయంత్రం కూడా నడిచే వెళ్తాడు, నవ్వేవాళ్లు నవ్వనీ.

పెద్దాసుపత్రి స్టాపులో బావ దిగాడు. తోడు రానా అని నిదానం అడిగితే, "బస్సు నిండా జనాన్ని పెట్టుకుని తోడేమిటిరా, పో. అక్కకి కబురు చెయ్యి, వస్తుంది" అన్నాడు. మేనకోడలికి చెయ్యి ఊపాడు. గేటుకేసి నడిచాడు.

నిదానం బస్సు కదిలించకుండా అద్దంలో చూశాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. బూటులో కుళ్లిపోతున్న గాయం మీద బరువంతా ఆన్చి, బావ చకచకా, తిన్నగా, షికారుకి వెళ్లేవాడిలా నడిచి పోతున్నాడు. "ఒక్కసారి కుంటు బావా" అని నిదానం లోలోపల ప్రాధేయపడ్డాడు. ఒక్క అడుగు. అమ్మా అని ఒక్క అడుగు కుంటితే చాలనిపించింది. బావ కుంటలేదు.